మధ్య గోడ తీసేశాక అటక కుంగింది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: ఇంజనీరు గారూ, మాది తణుకు దగ్గర పల్లె, తాతగారి నాటి పెంకుటిల్లు. పోయినేడు తమ్ముడి పెళ్లికి హాలు పెద్దది చేద్దామని మధ్య గోడ తీయించాం. ఇప్పుడు అటక రెండంగుళాలు కుంగింది, ఎక్కితే కిర్రుమంటోంది. చూస్తే దూలాల అతుకులన్నీ ఆ గోడ ఉన్నచోటే ఉన్నాయి. వడ్రంగేమో ఇరుపక్కలా చెక్కలు కొట్టేస్తే చాలంటున్నాడు. చాలుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: చాలదమ్మా. ముందు ఇది చదవగానే అటక మీద సామానంతా దింపించెయ్యండి, ధాన్యం బస్తా ఒక్కటే 75 కిలోలు, పది ఉంటే ముప్పావు టన్ను, అదంతా ఇప్పుడు దూలాల అతుకులకి కొట్టిన మేకుల మీదే వేలాడుతోంది. ఆ గదిలో పిల్లల్ని అస్సలు పడుకోబెట్టకండి.

పక్కపక్కన పెట్టి మేకులు కొట్టిన అతుకు కింద గోడ ఉన్నంతవరకే అతుకు, గోడ పోయాక అది తలుపు బందులాగా మడతపడుతుంది. పోనీ దూలం ఒకే ముక్క అనుకున్నా, ఆధారం లేని దూరం రెండింతలైతే అడుగుకి అదే బరువు మీద కుంగు 16 రెట్లవుతుంది, ఇరుపక్కలా అంతే మందం, అంతే ఎత్తు చెక్క బిగిస్తే దూలం వంగకుండా ఆపే బిగువు పెరిగేది 3 రెట్లే. లెక్క ఎక్కడా కుదరట్లేదు చూడండి.

గోడ చేసిన పని ఇంకోటి చెయ్యాలి. అతుక్కి అటూ ఇటూ రెండు వరసల సెంట్రింగ్ జాకీలు (స్లాబు పోసేటప్పుడు కింద నిలబెట్టే, ఎత్తు తగ్గించి పెంచుకునే ఇనప పోట్లు), పైనా కిందా పలకలు వేసి నిలబెట్టించండి. ఒకేసారి ఎత్తించొద్దు, రోజుకి రెండు మూడు మిల్లీమీటర్లు చాలు, టక్‌మని చప్పుడొస్తే అక్కడితో ఆపెయ్యాలి. పాత చెక్క వంపు పూర్తిగా పోదు, పోకపోయినా ఫర్వాలేదు.

తర్వాత అతుకుల కింద అడ్డంగా ఒక ఐ సెక్షన్ (కోస్తే ఇంగ్లీషు 'I' అక్షరంలా కనిపించే) ఇనప దూలం వెయ్యాలి. సైజు మీ గది వెడల్పు చూసి స్ట్రక్చరల్ ఇంజనీరే చెప్పాలి, కొట్టువాడు చెప్పింది తెచ్చుకోకండి. దాని రెండు కొనలు వట్టి పాత గోడ మీద పెడితే సున్నం గోడ నలిగిపోతుంది, కింద కాంక్రీటు దిమ్మ పొయ్యాలి. అతుకులకి మేకులు కాకుండా 12 మిల్లీమీటర్ల బోల్టులు, పెద్ద వాషర్లతో.

అన్నట్టు, దూలం గోడలోకి వెళ్ళే చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. మెత్తగా దిగిపోయి పొడి రాలితే చెదలో పుచ్చో పట్టినట్టే, గట్టి చెక్క వచ్చేదాకా కోయించాలి. ఆ కొన చుట్టూ సిమెంటు కూరొద్దు, వేలు పట్టేంత గాలి వదలండి.


జాకీలు కూడా ఒక్కరోజులో పీకెయ్యకండి, రెండు మూడు రోజులు కొంచెం కొంచెంగా వదులు చేస్తూ అతుకులు గమనించండి. బస్తాలు మాత్రం మళ్ళీ అటక ఎక్కించొద్దమ్మా.