నల్లకోటు విప్పాలా?

ప్రశ్న: పదేళ్లుగా సివిల్ ప్రాక్టీసులో ఉన్నాను. ప్రభుత్వ శాఖ ఒకదాని తరఫున కేసులు వాదించే ప్యానెల్ లాయరును కూడా. వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో ఇండిపెండెంటుగా నిలబడదామనుకుంటున్నాను. ప్రకాశం పంతులుగారిలా ప్రాక్టీసు మానేయాల్సిందేనా?
– ఒక న్యాయవాది, ఒంగోలు

జవాబు: అక్కర్లేదండీ. ఎమ్మెల్యేలు, ఎంపీలు కోర్టుల్లో వాదించకుండా నిషేధించాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో కొట్టేసింది. జీతానికి పనిచేసే ఉద్యోగి ప్రాక్టీసు చేయకూడదంటుంది బార్ కౌన్సిల్ 49వ రూలు. ఎమ్మెల్యే అలాంటి ఉద్యోగి కాడని కోర్టు తేల్చింది.

పంతులుగారు 1921లో మద్రాసు హైకోర్టు ప్రాక్టీసు వదిలింది సహాయ నిరాకరణ కోసం, ఏ రూలూ అడ్డొచ్చి కాదు. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా మొదలుపెట్టి, ఇంగ్లండులో బారిస్టరయి కూడబెట్టుకున్న పేరది. అలాగని ఆ చదువు వృథా పోలేదు. 1937లో రెవెన్యూ మంత్రయ్యాక జమీందారీ విచారణ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. పాత రికార్డులన్నీ తిరగేసి, భూమికి హక్కుదారు రైతేనని ఆ సంఘం తేల్చింది. మన జిల్లా లాయర్లు తప్పక చదవాల్సిన నివేదిక అది.

మీకు చిక్కల్లా ఆ ప్యానెల్‌తోనే. ప్రభుత్వం కింద లాభదాయక పదవి ఉంటే రాజ్యాంగం 191వ అధికరణం కింద అనర్హత. రైల్వే ప్యానెల్ లాయరుది అలాంటి పదవేనని సుప్రీంకోర్టు ఒక కేసులో అంది, స్పెషల్ గవర్నమెంట్ ప్లీడరుది కాదని మరో కేసులో అంది. మీరు మూడో కేసు కావద్దు. రాజీనామా ఇచ్చి ఊరుకోకుండా, ఆమోదించిన ఉత్తర్వు చేతికొచ్చాకే నామినేషన్ వేయండి.

ఇండిపెండెంటు కాబట్టి నామినేషన్ పత్రమైన ఫారం 2బిలో రెండో భాగం నింపాలి. పదిమంది ప్రతిపాదించాలి, అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి. పక్క నియోజకవర్గం బంధువు సంతకం ఒక్కటి దొర్లినా పది తొమ్మిదవుతుంది, నామినేషన్ పోతుంది. ఓటరు జాబితా ముందు పెట్టుకుని పార్టు నంబరు, వరుస నంబరు చూసి మరీ రాయండి. ఆస్తులు, కేసులు వెల్లడించే ఫారం 26 అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలొద్దు. ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాయాలి. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలివ్వాలి. ఓడినవాళ్లు ఇక్కడే బద్ధకిస్తారు, మూడేళ్ల అనర్హత నెత్తికి తెచ్చుకుంటారు.

గెలిస్తే సభ జరిగే రోజుల్లోనూ మీ కేసులకు వాయిదాలుంటాయి. ఇప్పటినుంచే వకాల్తాల్లో మీ పేరు పక్కన జూనియరు పేరూ చేర్చండి. మీరు సభలో ఉన్నారని క్లయింటు వాయిదా మీద వాయిదా తిరగకూడదు.