ఓషన్స్ సినిమాలు ఏ వరసలో చూడాలంటే: ఎయిట్‌తో మాత్రం మొదలుపెట్టకండి

నంబర్ల ప్రకారం చూడాలా, విడుదలైన వరసలోనా, 1960 నాటి పాత ఓషన్స్ ఇలెవెన్ ముందే చూడాలా అని అడిగారు. ఈ హాలీవుడ్ దోపిడీ సినిమాల సిరీస్‌ని ఇంట్లో ఎవరొస్తే వాళ్లతో కూర్చుని మళ్లీ మళ్లీ చూశాను కాబట్టి సూటిగా చెప్పేస్తా. ముందు 2001లో వచ్చిన ఓషన్స్ ఇలెవెన్, తర్వాత ట్వెల్వ్ (2004), థర్టీన్ (2007), ఆ మూడూ అయ్యాకే ఎయిట్ (2018). పాతది ఓపికుంటే ఆఖర్న చూడండి.

ఎనిమిది చిన్న నంబరు కదా అని దాంతో మొదలుపెట్టేవాళ్లు బోలెడుమంది, మా మరదలితో సహా. సినిమా ఆమెకి బాగానే నచ్చింది, అది వేరే సంగతి. కానీ ఎయిట్ మొదలైన కాసేపటికే డానీ ఓషన్ (మొదటి మూడింటిలో దొంగల ముఠా నాయకుడు, జార్జ్ క్లూనీ) గురించి ఒక ముక్క చెప్పేస్తారు (నేను చెప్పను), అది తెలిశాక వెనక్కి వెళ్లి మొదటి మూడూ చూస్తే జార్జ్ క్లూనీ నవ్వినప్పుడల్లా అదే బుర్రలో తిరుగుతుంది. ఇంకోటి, ఇలెవెన్ మొదట్లో డానీ పెరోల్ బోర్డు ముందు కుర్చీలో కూర్చుని చాలా పద్ధతిగా జవాబులు చెబుతాడు. ఎయిట్‌లో అతని చెల్లెలు డెబ్బీ, అంటే శాండ్రా బుల్లక్, అచ్చం అలాగే బోర్డు ముందు కూర్చుని ఇక బుద్ధిగా బతుకుతానంటుంది. అన్నగారు బయటికొచ్చి ఏం వెలగబెట్టాడో చూసినవాళ్లకి అక్కడే నవ్వొస్తుంది, చూడనివాళ్లకి అదొక మామూలు జైలు సీను.

ఇలెవెన్ ముందు ఎందుకంటే గ్యాంగ్‌ని ఒక్కొక్కరిగా పోగుచేసేది అందులోనే. బెలాజియో, మిరాజ్, ఎంజీఎం గ్రాండ్, ఈ మూడు లాస్ వేగాస్ కాసినోల డబ్బూ ఒకే వాల్ట్‌లో ఉంటుంది, దాని మీదే కన్ను. అందరూ ప్లాన్ చూస్తారు గానీ మీరు బ్రాడ్ పిట్ చేతుల వైపు చూడండి, సీను ఏదైనా ఏదో ఒకటి నములుతూనే ఉంటాడు.

ట్వెల్వ్ వదిలేయమని చాలామంది సలహా ఇస్తారు. నేనొప్పుకోను. కథ ఆమ్‌స్టర్‌డామ్, రోమ్ వైపు వెళ్లిపోయి దొంగతనం పక్కకి పోతుంది, నిజమే, దోపిడీ టెన్షన్ కోసం కూర్చుంటే విసుగొస్తుంది. కానీ మాట్‌సుయ్ అనే ఆయనతో మీటింగ్ సీను ఒక్కటి చాలు. క్లూనీ, బ్రాడ్ పిట్, ఆయన, ముగ్గురూ అర్థం పర్థం లేని వాక్యాలు మహా గంభీరంగా విసురుకుంటుంటే మధ్యలో మ్యాట్ డేమన్ తనకేదో అర్థమైనట్టు ముఖం పెట్టడానికి నానా తంటాలు పడతాడు. చివర్లో జూలియా రాబర్ట్స్ మీద నడిచే జోకు కూడా ఇలెవెన్‌లో ఆమెను డానీ మాజీ భార్య టెస్‌గా చూసి అలవాటుపడితేనే పేలుతుంది. అందుకే ఈ రెంటి మధ్య పెద్ద గ్యాప్ ఇవ్వకండి. పైగా ఫ్రెంచ్ దొంగ టూలూర్ థర్టీన్‌లో మళ్లీ తగులుతాడు, ట్వెల్వ్ చూడకపోతే వీడెవడ్రా అనుకుంటారు.

థర్టీన్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. మళ్లీ వేగాస్, ఈసారి విలన్ అల్ పచీనో, హాయిగా సాగిపోతుంది. పాచికల్లో మోసం పెట్టడానికి మెక్సికోలో ఫ్యాక్టరీకి వెళ్లినవాడు అసలు పని పక్కనపెట్టి అక్కడి కూలీలతో సమ్మె చేయించడం నాకు మొత్తం సిరీస్‌లోనే ఇష్టమైన ముక్క.

ఎయిట్‌లో న్యూయార్క్‌లో ఏటా సెలబ్రిటీలతో జరిగే ఫ్యాషన్ వేడుక మెట్ గాలాలో కొట్టేయాలనుకునే, కార్టియే అనే నగల కంపెనీ నెక్లెస్‌కి మన దేశంతో లింకుంది. 1931లో నవానగర్ మహారాజా కోసం జాక్ కార్టియే గీసిన హారాన్ని చూసే దాన్ని తయారుచేశారు. ఆ మహారాజా ఎవరో కాదు, మన రంజీ ట్రోఫీ రంజీయే. అది మగవాళ్ల హారం కావడంతో సినిమాలో దాన్ని వేసుకునే ఆన్ హాత్‌వే మెడకి సరిపోయేలా సైజు తగ్గించారట.

ఇక 1960 సినిమా. ఫ్రాంక్ సినాట్రా, డీన్ మార్టిన్ బృందం ఇందులో ఒకప్పటి సైనికులు, అంతా కలిసి కొత్త సంవత్సరం రాత్రి ఐదు కాసినోల మీద పడతారు. ప్లాన్ మొదలవడానికే బోలెడంత టైం తీసుకుంటుంది, ముందు దీన్ని పెడితే మీ ఇంట్లోవాళ్లు మిగతావి చూడటానికి రారు. కొత్తవాటితో కథ కలవదు కాబట్టి చూడకపోయినా నష్టం లేదు, చూస్తే మాత్రం ముగింపు ఎవరి దగ్గరా ముందే వినకండి.

సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, వీళ్లు సగం మాటలు మింగేస్తారు.