బడి గురించి రాసే ముందు

అమ్మలూ,

నీ ఉత్తరం, దాంతోపాటు పత్రికకి పంపాలని రాసుకున్న రెండు పేజీలూ చదివాను. మొదటి పేజీ అంతా పాత ముఖ్యమంత్రినీ కొత్త ముఖ్యమంత్రినీ తూర్పారబట్టావు. అది కొట్టెయ్. రెండో పేజీ చివర, మూడో తరగతి పిల్లలు లారీలు తిరిగే మెయిన్ రోడ్డు దాటి బడికెళ్తున్నారని ఒక్క వాక్యం రాశావు చూడు, అక్కణ్ణుంచి మొదలుపెట్టు. అమరావతిలో ఎవరు ఎవర్ని ఏమన్నారో చెప్పడానికి బోలెడుమంది ఉన్నారు. బడి వేళకి ఆ రోడ్డు పక్కన నిలబడి చూసేది నువ్వే.

ఆ పిల్లలు రోడ్డు దాటాల్సిన అవసరం ఎలా వచ్చిందో తర్వాత వెతుకు. తొందరపాటంతా ఇక్కడే జరుగుతుంది. 2022లో జీవో 117 వచ్చిన రోజుల్లో 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లో ఉన్న హైస్కూళ్ళలో కలిపారు. ఊళ్ళలో గొడవలయ్యాయి. 2025లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసి 19, 20, 21 నంబర్ల జీవోలిచ్చింది. తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్ళు వచ్చాయి. వాటిలోకీ చుట్టుపక్కల బడుల పిల్లల్నే రమ్మన్నారు. పార్టీ మారింది గానీ పిల్లలు నడిచే బాధ చాలా చోట్ల అలాగే ఉంది. అందుకే నీ కోపాన్ని ఒక జెండాకి కట్టెయ్యకు. ఒకే టీచరు ఐదు తరగతులకీ పాఠం చెప్పే బళ్ళో నేనూ పనిచేశాను. ఒక మూల ఎక్కాలు, ఒక మూల అక్షరాలు, మధ్యలో మధ్యాహ్న భోజనం లెక్కలు. దాన్ని చదువు అనలేం. కాబట్టి తరగతికో టీచరు కావాలన్న వాదన కొట్టిపారేసేది కాదు. పేచీ అంతా ఆ టీచరు కోసం ఏడేళ్ళ పిల్ల ఎంత దూరం, ఏ దారిన నడవాలన్నదే. నీ వ్యాసానికి ఇదే ప్రాణం.

విద్యాహక్కు చట్టం ఒకసారి చదువు, పెద్దదేం కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలని దాని నిబంధనలు చెబుతాయి. అరవైమంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, ఆ పైన నూట ఇరవై మంది దాకా ముప్పైమందికొకరు. ఇంకో సంగతి, బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళుండాలి. మన బడి కమిటీ చైర్మనెవరో పదిమందిని అడుగు. ముగ్గురు కూడా సరిగ్గా చెప్పరు, పందెం! తరగతులు తరలించేటప్పుడు కమిటీ తీర్మానం చేసిందా? చేస్తే సంతకాలెవరివి? తీర్మానాలు రాసే ఆ మినిట్స్ పుస్తకం చూడకుండా 'ఎవరినీ అడగలేదు' అని రాయొద్దు.

హెడ్మాస్టరు చూపించనంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు. దరఖాస్తులో 'ఎందుకు' అనే ప్రశ్న వెయ్యకు, దానికి వాళ్ళు జవాబు చెప్పక్కర్లేదు. కాగితాలడుగు: మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఫలానా తేదీ తీర్మానం నకలు. నాలుగు ప్రశ్నలు చాలు. నలభై అడిగావంటే వాళ్ళకి సాకు దొరికినట్టే.

పథకాల పేర్ల మీద వ్యంగ్యం వెయ్యాలని నీకు చాలా సరదాగా ఉన్నట్టుంది. బడి భోజనానికి గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ గారి పేరొచ్చింది, పుస్తకాల కిట్లకి విద్యా కానుక పోయి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పేరొచ్చింది, నిజమే. (సీతమ్మ గారి పేరు మటుకు నాకు నచ్చింది. లంకల గన్నవరంలో ఆవిడ ఎంతమంది ఆకలి తీర్చిందో మా అమ్మ కథలు కథలుగా చెప్పేది.) కానీ పేరు మీద ఒక వాక్యం చాలు. అన్నం ఉడికిందా, గుడ్డు ఏ సైజులో వస్తోంది, వంట చేసే వాళ్ళకి బిల్లులు ఎన్ని నెలల నుంచి రాలేదు, ఇవి రాయి. వాళ్ళతో మాట్లాడాలంటే భోజనాలయ్యాక, గిన్నెలు కడిగే వేళకి వెళ్ళు.

పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే డబ్బు పథకాలూ అంతే. అమ్మ ఒడి ఇంట్లో ఒక్క బిడ్డకే ఇచ్చారు, తల్లికి వందనం చదివే పిల్లలందరికీ అన్నారు, 15,000లో 2,000 బడి నిర్వహణకి పట్టుకుని 13,000 వేశారు. ఈ తేడా పత్రికల్లో అందరూ రాశారు. మన వీధిలో ఎవరికి పడలేదు, కరెంటు యూనిట్లు 300 దాటాయన్నారా, ఆధార్ బ్యాంకుకి లింకు కాలేదన్నారా, ఊరి సచివాలయంలో ఏం చెప్పి పంపారు? అది ఎవరూ రాయలేదు.

ఇంగ్లీషు మీడియం జోలికి ఇప్పుడే వెళ్ళకు. ప్రభుత్వ బళ్ళని ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలన్న 2019 నాటి జీవో 81ని 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసినా ఆ వాదన చల్లారలేదు. నాకైతే ఐదో తరగతి దాకా తెలుగే మేలనిపిస్తుంది. కూలికెళ్ళే తల్లి మాత్రం 'మీ మనవలు ఎక్కడ చదువుతున్నారు మాస్టారూ' అని అడుగుతుంది. దానికి తలెత్తి జవాబు చెప్పగలిగిన రోజు రాద్దువుగాని.

మనుషుల సంగతి. హెడ్మాస్టరు గురించి చెడు రాయాల్సొస్తే అచ్చుకి పంపేలోపే ఆయన్ని కలిసి, 'మీ మీద ఇలా రాస్తున్నాను, మీరేమంటారు' అని అడుగు. ఆయన చెప్పింది కూడా రాయి. రేపు పాల కేంద్రం దగ్గర ఎదురుపడాల్సిన మనుషులం. పిల్లల పేర్లు, ఫొటోలు వద్దే వద్దు. ఫీజు కట్టలేదనో తండ్రి తాగుతాడనో ఊరంతా చదివితే ఆ పిల్ల మళ్ళీ బడి గడప తొక్కదు. నువ్వు రాసింది బాగుందని ఏ నాయకుడి మనుషులైనా వచ్చి శాలువా కప్పుతామంటే ఊళ్ళో లేనని చెప్పించు.

పత్రిక ఒక్కదాన్నే నమ్ముకోకు. సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అక్కడ అర్జీ ఇచ్చి, రసీదు నంబరు వ్యాసంలో వెయ్యి. నంబరుంటే అధికారులు కూడా కదులుతారు. రోడ్డు దగ్గర స్పీడు బ్రేకరు వేశారంటే ఆ సంగతీ రాయి, తిట్టినంత ఓపిగ్గానే రాయి.

మినిట్స్ నకలు దొరికాక మళ్ళీ రాసి నాకు పంపు. ఒక పేజీ దాటనీకు. చోటు చాలకపోతే పత్రిక వాళ్ళు కత్తిరించేది చివరి పేరానే, అందుకని నువ్వు అడగదల్చుకున్నది రెండో పేరాలోనే అడిగెయ్. అక్కయ్యకి మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో ఈసారైనా రాయి.

మావయ్య