కానుగ నూనె ప్రాజెక్టు చేస్తే మా అబ్బాయి గతి ఏమిటి?

ప్రశ్న: మేము బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాము. మా అబ్బాయి మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. డీజిల్‌లో కానుగ నూనె కలిపి ఇంజిన్ నడపడం మీదే చివరి ఏడాది ప్రాజెక్టు, ఆ తరువాత ఎం.టెక్ చేస్తానంటున్నాడు. అందరూ ఎలక్ట్రిక్ వాహనాల వైపు పరుగెడుతుంటే ఇదేం పిచ్చి? మూడు నెలల ఈవీ కోర్సులో చేర్పించమంటారా? రెండింటిలో ఏది మేలు?

జవాబు: మీరు అడిగింది ఇంధనం గురించే అయినా, అబ్బాయిని మెకానికల్‌లో చేర్పించి తప్పు చేశామేమోనన్న బెంగ మీ ఉత్తరం నిండా కనిపిస్తోంది. ఆ బెంగ పెట్టుకోకండి. ఇంజిన్‌లోనైనా బ్యాటరీలోనైనా పుట్టే వేడిని లెక్కగట్టి అదుపు చేయగలవాడికి ఈ నగరంలో పని దొరుకుతుంది.

మూడు నెలల ఈవీ కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ. చాలావాటిలో స్లైడ్లు చూపించి, భాగాల పేర్లు చెప్పి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపుతారు. బ్యాటరీ ప్యాక్‌ను ఒక్కసారైనా విప్పి చూడని కుర్రవాడు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తడబడతాడు. అందరూ అటు పరుగెడుతున్నారని మీరూ ఫీజు కట్టడానికి సిద్ధపడ్డారే తప్ప, అక్కడ ల్యాబ్ ఉందో లేదో కనుక్కున్నట్లు ఉత్తరంలో ఎక్కడా లేదు.

అలాగని అబ్బాయి ప్రాజెక్టును నేను గుడ్డిగా మెచ్చుకోవడం లేదు. పది, ఇరవై శాతం కలిపి, సింగిల్ సిలిండర్ ఇంజిన్‌ను కాసేపు నడిపి, పొగ తగ్గింది, నైట్రోజన్ ఆక్సైడ్లు కొంచెం పెరిగాయి అని ముగించే రిపోర్టులు కాలేజీ బీరువాల్లో మూలుగుతున్నాయి. అసలు చిక్కు ఇంజిన్ రోజుల తరబడి నడిచాక బయటపడుతుంది. ముడి కానుగ నూనె 40 డిగ్రీల వద్ద డీజిల్ కంటే సుమారు పది రెట్లు చిక్కగా ఉంటుంది కనుక సన్నని తుంపరగా విడిపోదు. సగం కాలి, ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్ నాజిల్ కొన మీద మసిగా గట్టిపడుతుంది, పిస్టన్ రింగులు పట్టేస్తాయి, కాలకుండా మిగిలినది కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌ను పాడుచేస్తుంది. మెథనాల్ అనే ఆల్కహాల్‌తో చర్య జరిపి గ్లిజరిన్ వేరుచేస్తే, అంటే బయోడీజిల్‌గా మారిస్తే, ఆ చిక్కదనం డీజిల్ దరిదాపులకు వస్తుంది గానీ, నూనెలో ఆమ్లత్వం ఎక్కువైతే అదే పాత్రలో సబ్బు తయారవుతుంది. ఈ తిప్పలన్నీ స్వయంగా పడినవాడు ఇంధన పరీక్షశాలలకూ, జనరేటర్ తయారీదారులకూ పనికివస్తాడు.

2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో అడవి ఆముదం నూనెతో చేసిన ఇంధనం కలిపి డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి విమానం నడిపారు. ఉద్యోగాల సంఖ్య చూస్తే ఈవీ రంగమే పెద్దది, సందేహం లేదు. కానీ మీ అపార్ట్‌మెంటులో కరెంటు పోగానే మోగే జనరేటర్ దేనితో నడుస్తుందో చూశాక పిచ్చి అన్న మాట వాడవలసింది. మీ ఊరి ఐఐఎస్సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) శాస్త్రవేత్తలే కానుగ నూనెతో పల్లెల్లో జనరేటర్లు నడిపించారు.

ఈ సెమిస్టర్‌కు కోర్సు ఫీజు కట్టకండి. ఇంజిన్‌ను ఎన్ని గంటలు నడపనిస్తారో, నడిపాక నాజిల్ విప్పి చూడనిస్తారో లేదో గైడ్‌ను అడిగి రమ్మని అబ్బాయికి చెప్పండి. రెండింటికీ కుదరదంటే ప్రాజెక్టు మార్చుకోమనండి. ఎం.టెక్ మాట దాని ప్రవేశ పరీక్ష గేట్ ఫలితాలు వచ్చాక చూసుకోవచ్చు.