ఎంబీఏ చదివి కొట్ల చుట్టూ తిరగడమేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి నిరుడు ఎంబీఏ మార్కెటింగ్ పూర్తి చేసింది. కారం, పసుపు, మసాలా ప్యాకెట్లు అమ్మే కంపెనీలో సేల్స్ ట్రైనీగా చేరి నాలుగు నెలలైంది. పొద్దున్నే స్కూటీ మీద వెళ్లి మలక్‌పేట, సైదాబాద్ కిరాణా కొట్లన్నీ తిరిగి, సాయంత్రానికి వాడిపోయి ఇల్లు చేరుతోంది. ఇంత చదువు ఇందుకా అని చుట్టాలు అంటుంటే మాకూ బాధగానే ఉంది. మాన్పించి అమీర్‌పేటలో డిజిటల్ మార్కెటింగ్ కోర్సులో చేర్పిద్దామా?
– ఒక తల్లి, వనస్థలిపురం

జవాబు: అమ్మా, ఇప్పుడప్పుడే మాన్పించకండి. చుట్టాల మాట రాశారు, మీ బాధ రాశారు. ఆ పని గురించి మీ అమ్మాయి ఏమనుకుంటోందో మాత్రం రాయలేదు. అలసిపోయిందా, విసిగిపోయిందా? ముందు అది కనుక్కోండి.

మార్కెటింగ్ అంటే ఏసీ గదిలో కూర్చుని ప్రకటనలు తయారు చేయడమని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. ఇంటి సరుకులు అమ్మే కంపెనీల్లో ఆ గదికి దారి ఎక్కువగా కొట్ల మీదుగానే ఉంటుంది. హిందుస్థాన్ యూనిలీవర్ పెద్ద పెద్ద మేనేజ్‌మెంట్ కాలేజీల నుంచి తీసుకున్న ట్రైనీలను కూడా సేల్స్‌లో తిప్పుతుంది, కొన్ని వారాలు పల్లెల్లో ఉంచుతుంది.

మీ అమ్మాయి అమ్మే కారం ప్యాకెట్టునే తీసుకుందాం. ఆఫీసు లెక్కల్లో దానికి పోటీ అంటే ఇంకో రెండు మూడు కంపెనీల కారం. కానీ ఎండాకాలం మొదట్లో మన బస్తీల్లో ఏదైనా గిర్నీ దగ్గర కాసేపు నిలబడండి. మిరపకాయలు కొని, ఎండబెట్టి, తొడిమలు తీసి, డబ్బాలు పట్టుకుని వచ్చిన ఆడవాళ్లు కనిపిస్తారు. ఏడాదికి సరిపడా కారం పట్టించుకుని పోతారు. ప్యాకెట్టు మీద ఎంత తగ్గించినా వాళ్లకు అక్కర్లేదు. అంటే ఆ వీధుల్లో అసలు పోటీ గిర్నీతోనే. అది కంపెనీ అమ్మకాల పట్టికలో ఉండదు, ఆ దారిన తిరిగే మనిషికే కనబడుతుంది. వాళ్లతో మాట కలిపి చూడమనండి. ధర సంగతి తర్వాత, ముందు ‘రంగు కలుపుతారేమో, తొడిమలతో సహా ఆడిస్తారేమో’ అన్న అనుమానమే బయటికొస్తుంది. అప్పుడు కంపెనీ ఐదు రూపాయలు తగ్గించాలా, ఏ ఊరి మిరపో, ఎప్పుడు ఆడించారో ప్యాకెట్టు మీద రాయాలా? ఈ ప్రశ్న పట్టుకుని మీటింగ్‌కు వెళ్లే ట్రైనీని మేనేజర్లు గుర్తుపెట్టుకుంటారు.

అదే కారం ఎస్ఆర్ నగర్ హాస్టళ్ల పక్క కొట్లో చిన్న ప్యాకెట్లలో పోతుంది. గదిలో వండుకునే కుర్రాళ్లకు కిలో దేనికి? జీతాలు పడిన వారంలో పెద్ద ప్యాకెట్లు కొనే ఇల్లే నెలాఖరుకు చిన్నవి అడుగుతుంది. ఇక కొట్టాయన సంగతి మరిచిపోకూడదు, ఆయనా కస్టమరే. మార్జిన్ ఎంత, అప్పు ఎన్నాళ్లు ఆగుతారు, ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి తీసుకుంటారా అన్నవే ఆయన ప్రశ్నలు. కారం రుచితో ఆయనకు పెద్దగా పని లేదు.

అడిగే తీరు కూడా నేర్చుకోవాలి. ‘మా కారం బాగుందా అక్కా?’ అంటే ఎవరైనా బాగుందనే అంటారు. ఎదురుగా ఉన్న పిల్లను చిన్నబుచ్చడం మన ఇళ్లలో అలవాటు లేదు. ‘కొత్తది తెస్తే కొంటారా?’ అన్నా అంతే, కొంటామనే అంటారు. దానికి బదులు, పోయినసారి ఎప్పుడు కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఆ వేళ ఏం వండారు, మిగిలింది దేంట్లో పోసి పెట్టారు అని అడగాలి. జరిగిన పని గురించి అడిగితే జవాబులో మొహమాటం తక్కువ. విన్నది విన్నట్టు, వాళ్ల మాటల్లోనే, ఆ సాయంత్రమే రాసుకోవాలి.

ఇదేదో చిన్న కంపెనీల తంటా అనుకోకండి. పంపిణీ వ్యాన్లు వెళ్లని చిన్న ఊళ్లకు సరుకు చేర్చడానికి హిందుస్థాన్ లీవర్ (ఇప్పటి హిందుస్థాన్ యూనిలీవరే) ‘ప్రాజెక్ట్ శక్తి’ మొదలుపెట్టింది 2000-01 ప్రాంతంలో, మన నల్గొండ జిల్లాలోనే. స్వయం సహాయక సంఘాల మహిళలే సబ్బులు, షాంపూలు ఇంటింటికీ అమ్మారు. 2003లో వచ్చిన నోకియా 1100 గుర్తుందా? టార్చి, దుమ్ము దూరని కీప్యాడ్. కరెంటు పోయే, దుమ్ము రేగే చోట ఫోన్ ఎలా వాడతారో పట్టించుకోకపోతే అవి వచ్చేవి కావు.

అలాగని ప్రతి సేల్స్ ఉద్యోగమూ పాఠం నేర్పదు. నెలాఖరు టార్గెట్ కోసం అమ్ముడుపోని సరుకు కొట్ల మీద రుద్దించడం తప్ప ఇంకేమీ లేకపోతే, ఎంతకాలమైనా అదే బీట్‌లో, అంటే రోజూ తిరిగే అవే కొట్ల దారిలో, ఉంచితే, చూసింది చెప్పినా వినే మేనేజర్ లేకపోతే, ఇంకో కంపెనీ వెతుక్కోవాల్సిందే. నా లెక్కన ఒక ఏడాది, ఏడాదిన్నర ఫీల్డ్ సరిపోతుంది. ఆ తర్వాత ఏరియా సేల్స్ మేనేజర్ వైపో, బ్రాండ్ వైపో, మార్కెట్ రీసెర్చ్ వైపో వెళ్లొచ్చు. హైటెక్ సిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనూ యూజర్లతో మాట్లాడి వాళ్ల అవసరాలు తెలుసుకునే ఉద్యోగాలున్నాయి. అక్కడి ఇంటర్వ్యూలో టార్గెట్ అంకెతో పాటు గిర్నీ లాంటి సంగతి ఒకటి చెప్పగలిగితే బలం.

డిజిటల్ కోర్సు చెడ్డదేం కాదు, ఆదివారాలు నేర్చుకోవచ్చు. ప్రకటన ఎవరికి, ఎంత ఖర్చుతో చూపించాలో అది నేర్పుతుంది. అందులో ఏం రాయాలో మాత్రం ఆ కొట్ల దగ్గరే దొరుకుతుంది.

ఇక మీరు నిజంగా పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఎండాకాలంలో బీట్ పొద్దున, సాయంత్రం పెట్టుకోనిస్తారా? పెట్రోలు ఖర్చు సరిగ్గా ఇస్తున్నారా? చీకటి పడ్డాక వసూళ్లకు పంపుతున్నారా? దారిలో బాత్రూమ్‌కు ఎక్కడికి వెళుతోంది? ఈ చివరిది మగ మేనేజర్లకు తట్టదు, అమ్మాయిలు నోరు విప్పి అడగరు, నీళ్లు తాగడం మానేస్తారు. డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో ఆ ఏర్పాటు చేయించమని తన మేనేజర్‌ను ఈ వారమే అడగమనండి.