అట్ట మీద ఏమని వేసుకోవాలి?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన మీ ఊరి చరిత్ర రాతప్రతీ అందాయి. రాతప్రతి గురించి చెప్పవలసినవి చాలానే ఉన్నా, ఉత్తరం చివర నువ్వు అడిగిన ప్రశ్నకే ముందు జవాబు రాస్తున్నాను, ఎందుకంటే మిగిలిన సందేహాలన్నీ దానిలోనే ఇమిడి ఉన్నాయి. అట్ట మీద నీ పేరు పక్కన "రచన" అని వేసుకోవాలా, "సంకలనం" అని వేసుకోవాలా అని అడిగావు. సంకలనం అంటే చిన్నతనంగా ఉంటుందేమోనని కూడా రాశావు. నేను లాటిన్‌తో కొంతకాలం కుస్తీ పట్టినవాణ్ణని నీకు తెలుసు కాబట్టి ఆ భాషలోంచే సమాధానం చెబుతాను. పుస్తకం చేసే మనిషిని ఎన్ని పేర్లతో పిలవవచ్చో, ఏ పేరు వెనక ఎంత బాధ్యత ఉందో ఆ భాషలో రాసినవాళ్లు చాలా నిక్కచ్చిగా ఆలోచించారు.

13వ శతాబ్దం మధ్యలో పారిస్‌లో బొనవెంతూర అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి, తనకు ముందు శతాబ్దంలో పీటర్ లొంబార్డ్ కూర్చిన క్రైస్తవ వేదాంత గ్రంథానికి వ్యాఖ్య రాస్తూ, మొదట్లోనే సరిగ్గా నీ ప్రశ్ననే ఎదుర్కొన్నాడు. లొంబార్డ్ గ్రంథంలో ఎటు చూసినా పూర్వ గురువుల మాటలే, ముఖ్యంగా అగస్టీన్ మాటలే కనిపిస్తాయి; అలాంటప్పుడు లొంబార్డ్‌ను దానికి కర్త అనవచ్చునా? బొనవెంతూర ఇచ్చిన జవాబు ఇది. పుస్తకం చేసే పద్ధతులు నాలుగు. ఒకడు ఇతరుల మాటలను ఏమీ కలపకుండా, ఏమీ మార్చకుండా రాస్తాడు. వాడు స్క్రిప్తొర్, అంటే లేఖకుడు. మరొకడు ఇతరుల మాటలకు మరికొందరి మాటలు చేరుస్తాడు కాని తనవి చేర్చడు, వాడు కొంపిలాతొర్. ఇంకొకడు ఇతరుల మాటలను ప్రధానంగా పెట్టి, వాటిని విశదం చేయడానికి తన మాటలు జోడిస్తాడు, వాడు కొమ్మెంతాతొర్. చివరివాడు తన మాటలను ప్రధానంగా పెట్టి, వాటిని బలపరచడానికి ఇతరుల మాటలు తెచ్చుకుంటాడు, వాడు ఔక్తొర్. లొంబార్డ్ ఈ నాలుగో కోవకు చెందుతాడని ఆయన తీర్పు చెప్పాడు.

ఈ పట్టికలో లేని గడిని గమనించు. అంతా తన సొంత మాటలే రాసేవాడికి బొనవెంతూర చోటే ఇవ్వలేదు. ఔక్తొర్ కూడా ఇతరుల మాటలతోనే నిలబడతాడు; తేడా అంతా ఏది ప్రధానం, ఏది అనుబంధం అన్న దగ్గరే ఉంది. నీ పుస్తకంలో ఇతరుల మాటలు ఎక్కువగా ఉన్నాయన్నది అందువల్ల నీ మీద నేరం కాదు. ఏ పేజీలో ఎవరి మాట పెద్దపీట వేసుకుని కూర్చుందో నీకు తెలుసా అన్నదే అసలు ప్రశ్న, దానికి నీ రాతప్రతిలో జవాబు దొరకడం లేదు.

ఔక్తొర్ అన్న మాటను మన "కర్త"తో సరిపెట్టుకుంటే దానిలోని బరువు జారిపోతుంది. రోమన్ చట్టంలో, ముఖ్యమైన ఆస్తిని సాక్షుల ఎదుట విధి ప్రకారం అమ్మినవాణ్ణి ఔక్తొర్ అనేవారు. రేపు మూడో మనిషి వచ్చి "ఈ పొలం నాది" అంటే, కొన్నవాడి పక్షాన నిలబడి హక్కును కాపాడవలసింది అతనే. కాపాడలేకపోతే ధరకు రెట్టింపు చెల్లించుకోవలసిందీ అతనే. రచయితకు, చరిత్రకు ఆధారమైన వ్యక్తికి, వంశానికి మూలపురుషుడికి కూడా వాడిన మాట ఇదే. కాబట్టి ఆ పేరు తగిలించుకున్నవాడు మాటకు జామీను ఉన్నట్టే.

ఈ జామీను పేజీ మీద ఎలా కనిపిస్తుందో రోమన్ చరిత్రకారుడు లివీలో చూడు. స్పెయిన్‌లో రోమన్ సేనాని స్కిపియో కొత్త కార్తేజ్ నగరాన్ని పట్టుకున్నప్పుడు శత్రువు దగ్గర ఎన్ని 'స్కోర్పియన్'లు, అంటే బాణాలు విసిరే యంత్రాలు, దొరికాయో చెబుతూ లివీ తన లెక్క అంటూ ఏదీ ఇవ్వడు. గ్రీకు చరిత్రకారుడు సిలేనస్‌ను అనుసరిస్తే సుమారు 60 అంటాడు. రోమన్ చరిత్రకారుడు వలేరియస్ ఆంతియాస్‌ను అనుసరిస్తే పెద్దవి 6,000, చిన్నవి 13,000 అంటాడు. ఆపైన ఒక్క ముక్క: అబద్ధానికి హద్దంటూ లేదు సుమా, అని. ప్రతి అంకెనూ దాని జామీనుదారుడి పేరుతోనే మన ముందు పెట్టాడు కాబట్టి ఇవాళ మనం కూడా ఆ తగువును విచారించగలుగుతున్నాం. నీ మూడో అధ్యాయంలో కరువు కాలంలో ఊరు విడిచిపోయిన కుటుంబాల సంఖ్య ఉంది. ఎవరు చెప్పారు? కరణం లెక్కా, మీ తాతగారి జ్ఞాపకమా, ఎక్కడో అచ్చులో చూసినదా? ఆ పేరు లేకపోతే ఆ అంకెకు నువ్వే పూచీ పడినట్టవుతుంది, ఆ పూచీ పడే శక్తి నీకు లేదు.

ఇక నువ్వు చిన్నతనమనుకున్న మాట సంగతి. లాటిన్‌లోనూ దానికి మొదట మంచి పేరు లేదు. కొంపిలారే అంటే దోచుకోవడం. "కంటిజబ్బు క్రిస్పినుస్ పుస్తకాల పెట్టెలను కొల్లగొట్టాననుకుంటారేమో, ఇక చాలిస్తాను" అని, ఆ అతివాగుడు రచయితను ఎత్తిపొడుస్తూ రోమన్ కవి హొరేస్ ఒక వ్యంగ్య కవితను ముగించింది ఈ క్రియతోనే. 7వ శతాబ్దపు సెవిల్ బిషప్పు ఇసిదోర్ దీనిని కొంత మర్యాదస్తురాలిని చేశాడు. మందులూ సుగంధాలూ చేసేవాళ్లు వేరువేరు దినుసులను రోట్లో వేసి దంచినట్టు, ఇతరుల మాటలను తన మాటలతో కలిపేవాడు కొంపిలాతొర్ అన్నాడు. గ్రీకు కవి హోమర్ పద్యాలను తనవాటిలో కలుపుకున్నాడని రోమన్ కవి వర్జిల్ మీద ఇదే నేరం మోపితే, హెర్క్యులిస్ చేతిలోంచి గద గుంజుకోవడానికి ఎంతో బలం కావాలని ఆయన బదులిచ్చాడన్న కథ కూడా అక్కడే చెప్పాడు. (ఇసిదోర్ స్వయంగా ఎందరి పుస్తకాలనో పేరు చెప్పకుండా దంచినవాడే, అది వేరే కథ.) వర్జిల్ జవాబును అడ్డం పెట్టుకునేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. నువ్వు మాత్రం ఆ దారి పట్టకు, అది వర్జిల్‌కు చెల్లింది.

నువ్వు వెళ్లవలసింది రోమన్ రచయిత ప్లినీ దగ్గరకు. క్రీ.శ. 77లో ఆయన తన ప్రకృతి చరిత్రను, తరవాత చక్రవర్తి అయిన టైటస్‌కు అంకితమిస్తూ రాసిన పీఠిక, సంకలనకర్త తలెత్తుకుని మాట్లాడడానికి నాకు తెలిసిన ఉత్తమ ఉదాహరణ. సుమారు 2,000 సంపుటాలు చదివి, ఎంపిక చేసిన 100 మంది రచయితల నుంచి, 36 పుస్తకాలలో 20,000 విషయాలు చేర్చానని సగర్వంగా చెప్పుకున్నాడు. ఆ వెంటనే, ఎవరి వల్ల ప్రయోజనం పొందామో ఒప్పుకోవడం మర్యాదస్తుడి లక్షణమన్నాడు. పాత పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూస్తే, బాగా నమ్మదగినవారనుకున్న ఆధునికులు పూర్వులను అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసి పేరు కూడా చెప్పకపోవడం బయటపడిందట. అప్పు తీర్చడం కంటే దొంగతనంలో పట్టుబడడమే మేలనుకునేవాడిది నీచపు బుద్ధి అని ఆయన కోపం, అందులోనూ తెచ్చిన అప్పు వడ్డీతో పెరిగి సొంత మూలధనమే అవుతున్నప్పుడు. మాటల్లో చెప్పి ఊరుకోలేదు. మొదటి పుస్తకం మొత్తాన్నీ విషయసూచికకూ, ఏ పుస్తకానికి ఏ రచయితలు ఆధారమో చెప్పే జాబితాలకూ కేటాయించాడు. అన్నంతో పాటు చదువూ సాగేలా భోజనం దగ్గర కూడా ఎవరిచేతనైనా చదివించుకుంటూ రాసుకునేవాడని, చనిపోయే నాటికి రెండు వైపులా సన్నని అక్షరాలతో నింపిన 160 నోట్సు చుట్టలను వదిలి వెళ్లాడని మేనల్లుడు ఒక లేఖలో రాశాడు. చిన్నతనం ఎక్కడ కనిపిస్తుంది ఇందులో?

ప్లినీ కోపగించిన పనికి కవి మార్షల్ మరో పేరు అంటగట్టాడు. ప్లగియారియుస్ అంటే మనుషులను, బానిసలను ఎత్తుకుపోయేవాడు. తన పద్యాలు దాస్యం నుంచి తాను విడుదల చేసినవనీ, వాటికి యజమానినని చెప్పుకునేవాణ్ణి సిగ్గుపడేలా చేయమనీ ఒక మిత్రుణ్ణి కోరుతూ ఆ మాట వాడాడు. నీ రాతప్రతిలో ఇది లేదు. ఉన్నది దీనికి తలకిందులైన తప్పు, మంచి ఉద్దేశంతో చేసినది. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వారి సహాయకులూ సేకరించిన కైఫీయతులలో, అంటే ఊళ్ల స్థానిక చరిత్రలలో, మీ ఊరిది తీసుకుని, దాని భాషను నేటి తెలుగులోకి సరిదిద్ది, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టావు. రోమన్ చక్రవర్తి జస్టీనియన్ 533లో వెలువరించిన డైజెస్టు అనే న్యాయ సంకలనంలో ఇదే జరిగింది. ఆయన మంత్రి ట్రిబోనియన్ బృందం పాత న్యాయవేత్తల రచనల నుంచి ముక్కలను ఏరి, ప్రతి ముక్క మీదా దాన్ని రాసినవాడి పేరూ పుస్తకం పేరూ ఆదర్శప్రాయంగా వేసింది. అయితే కాలానికి తగినట్టు మాటలు మార్చే అధికారం కూడా ఆ బృందానికి ఉంది. ఫలితంగా ఏ వాక్యం పాతవారిది, ఏది ట్రిబోనియన్‌ది అని తేల్చడానికి పండితులు తరాల తరబడి తలలు పట్టుకున్నారు. కైఫీయతు మాటలు ఉన్నదున్నట్టు ఉంచు. నీ తెలుగు కింద వేరుగా రాయి.

మొదటి అధ్యాయం గురించి ఒక్క సంగతి. "ఈ ఊరిని ఫలానా నాయకుడు కట్టించాడు" అని తేల్చి రాశావు. ఊరు కట్టినవాణ్ణి లాటిన్‌లో కొందితొర్ అంటారు. ఆ క్రియకు ఒకచోట చేర్చి నిలపడం, గాదెలో దాచడం, పద్యం కూర్చడం కూడా అర్థాలే. అందుకే కవి ఓవిడ్ రోమ్ పండుగల మీద రాసిన కావ్యంలో జూనో దేవత చేత తనను "రోమన్ సంవత్సరానికి కొందితొర్" అనిపించుకున్నాడు. బిరుదు గొప్పదే కాని, ఊరిని కట్టినవాడి గురించి రాయడంలో లివీ చూపిన జంకు నాకు దానికంటే గొప్పగా తోస్తుంది. రోమ్ నగరం పుట్టకముందువీ, పుట్టుకకు సంబంధించినవీ అయిన కథలు చారిత్రక ఆధారాలకంటే కావ్యాలకే తగినవని, వాటిని బలపరచాలనీ లేదు, ఖండించాలనీ లేదని పీఠికలోనే చెప్పి, ఆ తరవాత ఆ నగరాన్ని కట్టాడనే రోములుస్ కథను తనివితీరా చెప్పాడు. నువ్వూ అలాగే చెప్పు. నాయకుడి కథ తీసేయకు. అది ఎవరి నోట విన్నావో చెప్పి, విన్నట్టుగానే రాయి.

ఇప్పుడు అట్ట సంగతి. రాతప్రతి ఒక నకలు తీసి, పైన చెప్పిన నాలుగు పేర్లకు నాలుగు రంగుల పెన్సిళ్లతో ప్రతి పేరా పక్కనా గీత పెట్టు. నా అంచనాలో మొదటి నాలుగు అధ్యాయాలూ సంకలనానికీ వ్యాఖ్యకూ మధ్య తేలుతాయి. చెరువు కట్టను నువ్వే కొలిచి, నీటి వంతుల గురించి రైతులను అడిగి రాసిన ఐదోది ఒక్కటే నిస్సందేహంగా రచన. పుస్తకం ఇప్పుడున్నట్టే ఉంటే "సేకరణ, వ్యాఖ్య" అని వేసుకో. చెరువును మధ్యలో పెట్టి తక్కినదంతా దాని చుట్టూ తిరగరాసే ఓపిక ఉంటే "రచన" అని వేసుకో. నాకైతే రెండోదే నచ్చుతుంది, కాని దానికి కనీసం ఒక ఏడాది పడుతుంది.

మూడో అధ్యాయం సవరించాక గుడి శాసనం ఫొటో కూడా జతచేసి పంపు. నువ్వు ఇచ్చిన పాఠంలో ఆరో పంక్తి నాకు అన్వయం కుదరడం లేదు.

ఆశీస్సులతో.