కడుపుమంటని ఇంగ్లిష్‌లో ఏమంటారు?

ప్రశ్న: తోటివాడికి ప్రమోషన్ వచ్చిందని ఒకాయన కుళ్లుకుంటుంటే ‘హిజ్ స్టమక్ ఈజ్ బర్నింగ్’ అన్నాను. విన్నవాళ్లు ఆయనకు గ్యాస్ మాత్ర ఇవ్వమన్నారు. ఇలాంటివి ఎలా చెప్పాలి?
– ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: కడుపుమంట, ఒళ్లుమంట మనకు జాతీయాలు. మాటకు మాట ఇంగ్లిష్‌లో పెడితే అవి జబ్బులైపోతాయి. అసూయకు వాళ్లు రంగు వాడతారు: ‘హీ వాజ్ గ్రీన్ విత్ ఎన్వీ’. ఒళ్లు మండితే ‘ఇట్ మేడ్ మై బ్లడ్ బాయిల్’. రక్తం మరగడం మనకూ ఉన్నదే. కానీ ఇంగ్లిష్‌లో వాక్యం ఎక్కువగా కారణంతో మొదలవుతుంది: ‘హిజ్ లైస్ మేడ్ మై బ్లడ్ బాయిల్’.

బాగా తికమక పెట్టేది ‘కోల్డ్ ఫీట్’. భయంతో కాళ్లు చల్లబడటమని అనుకుంటారు. పామును చూసినప్పుడు ఈ మాట పనికిరాదు. పెళ్లికో కొత్త ఉద్యోగానికో ఒప్పుకొని, తీరా ముహూర్తం దగ్గరపడ్డాక జంకితేనే ‘షీ గాట్ కోల్డ్ ఫీట్’. పసివాడు పిట్టగోడ ఎక్కి వంగుతుంటే మీకు కలిగేది వేరు, దానికి ‘మై హార్ట్ వాజ్ ఇన్ మై మౌత్’ అనాలి. మనం గుండె అరచేతిలో పెట్టుకుంటాం, వాళ్లకది నోట్లోకి వస్తుంది.

ప్రశ్న: కోపానికి ‘లాస్ట్ మై టెంపర్’, ‘సా రెడ్’, ‘హిట్ ద రూఫ్’, ‘ఫ్లూ ఆఫ్ ద హ్యాండిల్’ అన్నీ ఒకటేనా?
– డిగ్రీ విద్యార్థిని, నల్గొండ

జవాబు: కాదు. ‘లాస్ట్ మై టెంపర్’ అన్నిచోట్లా చెల్లుతుంది, ముందు దాన్ని గట్టిగా పట్టుకోండి. ‘సా రెడ్’ అంటే ఒక్కసారిగా కోపం కమ్మేయడం. పైకి అరవకపోయినా అనొచ్చు. ‘హిట్ ద రూఫ్’లో కోపం బయటపడాలి: మార్కుల జాబితా చూసి నాన్న ఇంటిపైకప్పు ఎగిరేలా కేకలేస్తే ‘డాడ్ హిట్ ద రూఫ్’. ‘ఫ్లూ ఆఫ్ ద హ్యాండిల్’ గొడ్డలి నుంచి వచ్చింది. కామ వదులైతే గొడ్డలి తల ఊడి ఎటో ఎగిరిపోతుంది కదా, అలా అదుపు తప్పడం. చిన్న విషయానికే రెచ్చిపోయాడన్న విమర్శ ఇందులో ఉంటుంది కాబట్టి పైఅధికారి గురించి ఆయన ముందు అనకండి.

తప్పులు ఎక్కువగా క్రియల్లోనే దొర్లుతాయి. ‘సీ’కి భూతకాలం ‘సా’, ‘ఫ్లై’కి ‘ఫ్లూ’. ‘హిట్’ మాత్రం మారదు. కోపంతో ఒళ్లు తెలియకపోవడాన్ని ‘బిసైడ్ మైసెల్ఫ్ విత్ యాంగర్’ అంటారు. అందులో ‘బిసైడ్’ చివర ‘స్’ చేర్చి ‘బిసైడ్స్’ అంటే ‘అంతేకాక’ అనే అర్థం వచ్చి వాక్యం చెడిపోతుంది. మనిషిని బట్టి ‘హిమ్‌సెల్ఫ్’, ‘హర్‌సెల్ఫ్’ మారాలి. ఇదే మాట ‘విత్ గ్రీఫ్’, ‘విత్ వరీ’ చేరిస్తే దుఃఖానికీ ఆందోళనకూ పనికొస్తుంది. అందుకే ‘లాస్ట్ మై టెంపర్’ తర్వాత ఇంకొక్కటే నేర్చుకునే తీరిక ఉంటే ఇదే నేర్చుకోమంటాను.

ప్రశ్న: విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో జాతీయాలు ఎక్కువ వాడితే బ్యాండ్ (స్కోరు) పెరుగుతుందా?
– విజయవాడ పాఠకుడు

జవాబు: లెక్క కాదు, అతుకు చూస్తారు. సంతోషానికి ‘ఓవర్ ద మూన్’ ఒకసారి చక్కగా పడితే చాలు. అయితే ‘వెరీ ఓవర్ ద మూన్’ అనకండి. ఆ మాటలోనే ‘చాలా’ ఉంది. కావాలంటే ‘అబ్సల్యూట్లీ’ చేర్చండి. ‘డౌన్ ఇన్ ద డంప్స్’ మామూలు దిగులుకే. చావు కబురు దగ్గర అది తేలికగా, మొరటుగా వినిపిస్తుంది, అక్కడ ‘హార్ట్‌బ్రోకెన్’ అనండి. రైటింగ్‌లో వ్యాసం రాసే రెండో టాస్క్‌లో ఇవేవీ వద్దు.

వారానికి నాలుగు చాలు. నోటు పుస్తకంలో మాటకు ఎదురుగా అర్థం రాస్తే లాభం లేదు. మీ ఇంట్లోనో కాలేజీలోనో నిజంగా జరిగిన సంగతితో పూర్తి వాక్యం రాయండి, దాన్ని ఎవరితో అనొచ్చో పక్కనే రాసుకోండి. మర్నాడు, మూడోరోజు, వారం తర్వాత పుస్తకం మూసి పైకి చెప్పండి. చెప్పేటప్పుడు ఊనిక చివరి మాట మీద పడాలి: ‘మూన్’, ‘రెడ్’, ‘రూఫ్’.